పైలట్ కూతురి దుప్పట్లు

పుయెర్తో శాంతా రీటా,
1994 ఫిబ్రవరి 21.

అక్కా,

నీ తమ్ముడికి యాభయ్యో ఏట కొత్త ఉద్యోగం వచ్చింది. సంబరపడకు, జీతం లేదు. టోపీ మాత్రం ఇచ్చారు, అదీ చెవుల మీదికి జారుతోంది.

ఓడలు రావడం మానేసి, కస్టమ్స్ ఆఫీసుకు తాళం పడ్డాక నేనేం చేస్తున్నానో నీకు తెలుసు కదా. ఏమీ చెయ్యడం లేదు. మున్సిపాలిటీ సెక్రటరీ ఇర్మా గారు ఓడలు రాకపోతే మనుషుల్ని రప్పిద్దాం అన్నారు. మెరీదా పట్నం నుంచి ఆదివారం బస్సులో వచ్చేవాళ్ళకు ఊరి చరిత్ర చెబుతూ గంటన్నర నడక. నడిపించడానికి నన్ను పిలిచారు. నా పరిజ్ఞానం చూసి పిలిచారనుకుని రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తీరా కనుక్కుంటే, ఊళ్ళో పెద్ద గొంతూ తెల్ల ప్యాంటూ ఉండి, ఆదివారం పొద్దున పని లేనివాణ్ణి నేనొక్కణ్ణేనట.

మొదటి నడకకు పదమూడుమంది వచ్చారు. కోటగోడ దగ్గర సముద్రపు దొంగలు ఊరి మీద పడిన సంవత్సరం చెప్పబోయి అమ్మ పుట్టిన సంవత్సరం చెప్పాను. ఎవరూ గమనించలేదు. ఒకాయన పుస్తకంలో రాసుకున్నాడు కూడా. వెనక్కి నడుస్తూ మాట్లాడితే దర్జాగా ఉంటుందని టీవీలో చూశాను. అలాగే నడిచి వెళ్ళి చేపల బుట్టలో కూర్చున్నాను. అది కూడా నడకలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఇక అసలు సంగతి. మూడో మజిలీ జెట్టీ. అక్కడ నిలబెట్టి మన మేడ చూపిస్తాను. "ఈ ఇంట్లో ఉండేవాడు పైలట్ అబుందియో కనుల్. ఎంత పెద్ద ఓడ వచ్చినా పడవలో ఎదురెళ్ళి, ఓడెక్కి, ఇసుక మేటల మధ్య నుంచి రేవులోకి తెచ్చేవాడు. మన ఈ గల్ఫ్ తీరం మొత్తం మీద అంత చురుకైన కళ్ళు లేవు" అంటాను. ఆయన మా నాన్నే అని చివర్లో చెబితే ఆడవాళ్ళు "అబ్బో" అంటారు. ఆ తర్వాత యాభై ఆరులో అరటికాయల ఓడ మేట ఎక్కిన కథ. నీళ్ళ మీద తేలుతూ ఓడలకు దారి చూపే ఎర్ర పీపాల్ని కనిపెట్టుకుని ఉండే సెరాపియో ఉక్ ఒళ్ళు తెలియకుండా తాగి పీపాను కొట్టుకుపోనిచ్చాడనీ, విచారణలో అడిగితే లేచి నిలబడి ఇలా అన్నాడనీ చెబుతాను: "అయ్యా, పీపా ఉన్నచోటే ఉందండి. పైలట్ గారి కూతురు ఆవేళ దుప్పట్లు ఆరెయ్యలేదండి. అందుకే ఓడ మేటెక్కిందండి!"

అక్కా, ఈ మాటకు వాళ్ళు నవ్వే నవ్వు నువ్వు వినాలి. ఒకావిడ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. నేను అక్కడితో ఆగుతానా? "మా అక్కకు బట్టలుతికే పిచ్చి ఉన్న మాట నిజమే గానీ, దాంతో ఓడలు మునిగేంత పిచ్చి కాదు" అని కూడా కలుపుతాను. నీ మీద జోకు, నాకు చప్పట్లు. ఏమీ అనుకోకు.

ఒక్కటే ఇబ్బంది. సెరాపియో కూతురు ఒబ్దూలియా ఆ జెట్టీ మీదే మామిడి ముక్కలు అమ్ముతుంది. మేం రాగానే రేడియో గొంతు పెంచుతుంది. దాన్ని మించి నేను అరవాలి. ఆదివారం సాయంత్రానికి నా గొంతు కప్ప గొంతు.

జూన్‌లో మన ఇంటి గోడకు నాన్న పేరుతో ఫలకం పెడతారట. నీ దగ్గర ఆయన ఫోటో ఉంటే పంపు.

నీ ఫిదెన్సియో.

*

వెరాక్రూజ్,
మార్చి 12.

తమ్ముడూ,

చేపల బుట్ట దాకా బాగా నవ్వాను. దుకాణంలోనే చదివానేమో, కళ్ళజోడు పెట్టి చూసుకుంటున్న ముసలాయన తన మొహం చూసి నవ్వుతున్నాననుకుని వెళ్ళిపోయాడు. మీ బావ రమీరో పోయాక ఈ కళ్ళద్దాల దుకాణం నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను. వచ్చినవాళ్ళను ఇలా తరిమేస్తే చూసుకోవడానికి కూడా ఏమీ మిగలదు.

సముద్రపు దొంగల సంవత్సరం సరిచేసుకో. అమ్మ బతికుంటే నీ చెవి మెలిపెట్టేది.

సెరాపియో మజిలీ తీసెయ్యి. చచ్చిపోయిన మనిషి మీద జోకులెందుకు? కావాలంటే నా బట్టల పిచ్చి మీద ఎన్నయినా చెప్పుకో. ఆయన జోలికి వెళ్ళకు.

ఫోటో లేదు. చెదలు తినేసింది.

దెల్ఫీనా.

*

పుయెర్తో శాంతా రీటా,
ఏప్రిల్ 18.

అక్కా,

సంవత్సరం సరిచేశాను. సెరాపియోను మాత్రం తియ్యలేను. ఆ జోకు తీసేస్తే నా నడకలో మిగిలేవి ఒక విరిగిన ఫిరంగి, పావురాలు రెట్టలేసిన చర్చి మెట్లు. నీకు నవ్వడం రాదని నేనూ నవ్వించడం మానెయ్యాలా? కళ్ళద్దాలు అమ్మీ అమ్మీ లోకమంతా నీకు పేషెంట్ల లాగా కనిపిస్తున్నట్టుంది.

ఇది రాసి రెండు రోజులు కవరు అంటించకుండా ఉంచాను. ఇంతలో నిన్న ఒక సంగతి జరిగింది.

నిన్న నడకలో ముప్పైయొక్కమంది. అంతమందిని చూసి నాకు పూనకం వచ్చింది. సెరాపియో గొంతు అనుకరించాను, తాగినవాడిలా ఊగాను. నవ్వులే నవ్వులు. ఇంతలో రేడియో ఆగిపోయింది. ఒబ్దూలియా కత్తి చేత్తో పట్టుకునే నా దగ్గరకొచ్చింది. మామిడికాయలు కోసే కత్తే గానీ నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"మా నాయన మందు ముట్టేవోడు కాదు. కడుపులో పుండు. ఊరందరికీ తెలుసు" అంది.

నేను "అమ్మా, ఇది ఊరికే సరదాకి..." అన్నాను.

"సరదాయేలే. ఆ దుప్పట్ల సంగతేంటో ఓసారి మీ అక్కనడుగు. ఉత్తరం ముక్క రాసి అడుగు. ఆ తర్వాత వచ్చి ఊగు."

వెళ్ళి మళ్ళీ ముక్కలు కోసుకుంది. నా గుంపులో సగంమంది అటు వెళ్ళి ఆమె దగ్గర మామిడి ముక్కలు కొనుక్కున్నారు.

సరే, అడుగుతున్నాను. దుప్పట్ల సంగతేంటి?

ఫిదెన్సియో.

*

వెరాక్రూజ్,
మే 9.

ఫిదెన్సియో,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి దీన్ని నాలుగుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి మంచి అక్షరాలతో, రెండోసారి మంచి కాగితం మీద. ఎలా మొదలుపెట్టినా అందులో నేను మంచిదాన్నయిపోతున్నాను. అందుకని బిల్లుల పుస్తకం వెనకాల రాస్తున్నాను.

నాన్నకు కళ్ళు కనిపించేవి కావు.

అమ్మ పోయిన ఏడాది మొదలైంది. కాఫీ కప్పులో కాకుండా కప్పు పక్కన పోసేవాడు. ఒకరోజు గుమ్మం దగ్గర కోటు తగిలించిన కొయ్యకు "రండి, కూర్చోండి" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. శుక్లాలు. ఇప్పుడైతే ఒక పూటలో తీసేస్తారు. మా దుకాణానికి వచ్చేవాళ్ళకు రోజూ నేనే చెబుతుంటాను, భయపడకండి, వెళ్ళి తీయించుకోండి అని. అప్పుడు ఆ మాట బయటికొస్తే ఆయనకు ఓడ ఇవ్వరు. ఓడలు తప్ప ఆయనకు ఇంకేమీ తెలియదు. నీకు అప్పటికి ఎనిమిదేళ్ళు.

ఓడను లోతు దారిలోకి తిప్పడానికి ఆయన చర్చి గోపురాన్నీ, జెట్టీ మీది ఎర్ర స్తంభాన్నీ గురి చూసుకునేవాడు. రెండూ మసకయ్యాయి. తెల్లని పెద్ద వస్తువయితే ఎంత దూరంలో ఉన్నా పోల్చుకోగలడు. అందుకని మేడ మీద ఒక దుప్పటి, కింద ముందుకు చొచ్చుకొచ్చిన వరండా కమ్మీకి ఒక దుప్పటి. సముద్రంలోంచి చూస్తే రెండు తెలుపులూ సరిగ్గా ఒకదాని కింద ఒకటి నిలబడితే ఓడ దారిలో ఉన్నట్టు. పక్కకు జరిగితే మేట వైపు వెళ్తున్నట్టు. ఇసుక కదిలినప్పుడల్లా నేను దుప్పటి ఎక్కడ కట్టాలో ఆయన పడవ మీద తిరిగి కొలుచుకొచ్చి చెప్పేవాడు. నాలుగేళ్ళు వారానికి రెండు మూడు ఓడలు. ఉతికినవే ఉతికేదాన్ని, ఎవరికీ అనుమానం రాకూడదని. "పైలట్ కూతురికి పిచ్చి పట్టింది" అని వీధివాళ్ళు అనేవాళ్ళు. నువ్వూ అనేవాడివి.

ఆ రోజు ఓడ మధ్యాహ్నం రావాలి. ఊళ్ళోకి జుట్టుకు ఉంగరాలు తిప్పే కరెంటు మిషను కొత్తగా వచ్చింది. శనివారం డాన్సు ఉంది. పొద్దున్నే వెళ్ళాను. నా తలకు ఇరవై వైర్లు తగిలించి ఉండగా ఓడ కూత వినపడింది. ముందే వచ్చేసింది. నేను లేవబోయాను. "ఇప్పుడు తీశానంటే జుట్టంతా ఊడి చేతికొస్తుంది, చూసుకో" అంది మిషను ఆవిడ.

నేను కూర్చున్నాను.

తమ్ముడూ, ఎవరూ నన్ను కట్టెయ్యలేదు. జుట్టు ఊడినా మళ్ళీ మొలిచేది. ఒక్కరోజు నాన్నే ఎలాగో చూసుకుంటాడులే అనుకున్నాను. కూర్చున్నాను.

సెరాపియో విచారణలో చెప్పింది ప్రతి అక్షరం నిజం. రోజూ నీళ్ళ మీద తిరిగేవాడు కదా, ఆ దుప్పట్లు దేనికో ఎప్పుడో కనిపెట్టాడు. కనిపెట్టీ నాలుగేళ్ళు ఎవరికీ చెప్పలేదు. తన మీదికి వచ్చాక చెప్పాడు. గదంతా నవ్వింది. నాన్న "పీపా కొట్టుకుపోయింది" అన్నాడు. అధికారి నన్ను చూసి, "ఏమ్మా, నీ దుప్పట్లు ఓడల్ని నడుపుతాయా?" అని అడిగాడు. "నాకేం తెలుసండీ, ఇంటిపని చేసుకునేదాన్ని" అన్నాను. అందరితో పాటు నేనూ నవ్వాను. కొత్త ఉంగరాల జుట్టుతో.

ఇంటికొచ్చాక నాన్న ఒక్క మాటే అన్నాడు. "సెరాపియో చిన్నవాడు. ఇంకో పని దొరుకుతుంది." దొరకలేదని నీకూ తెలుసు. అడవిలో చెట్లకు గాట్లు కొట్టి బంక తీసే కూలికి పోయి జ్వరాలు పట్టుకుని తిరిగొచ్చాడు. నాన్న మళ్ళీ ఓడ ఎక్కలేదు. అది ఆయన పెద్దమనిషితనం అనుకున్నారు ఊరివాళ్ళు. మరుసటి ఏడు నేను ఊరొదిలి వచ్చేశాను. వెరాక్రూజ్‌లో పని దొరికిందని నీతో చెప్పాను. అప్పటికి పని దొరకలేదు.

ఫోటో ఉంది. చెదలు తినలేదు.

దెల్ఫీనా.

*

పుయెర్తో శాంతా రీటా,
జూన్ 14.

అక్కా,

నెల రోజులు నీకు రాయలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోవడానికి నెల పట్టింది.

నాన్న రోజూ సాయంత్రం నా చేత పేపరు చదివించుకునేవాడు గుర్తుందా? నేను గొప్పగా చదువుతానని, నా చదువు వినడం ఆయనకు ఇష్టమని అనుకునేవాణ్ణి. మొన్నటిదాకా అనుకున్నాను. నడకలో కూడా చెప్పుకున్నాను, "నా గొంతు మా నాన్న పెంచిన గొంతు" అని. నాలుగేళ్ళు ఆయన పక్కన కూర్చుని అన్నం తిన్నాను. ఏమీ చూడలేదు. అలాంటివాణ్ణి పట్టుకుని ఊరి చరిత్ర చూపించమన్నారు.

పోయిన ఆదివారం జెట్టీ దగ్గరకొచ్చాను. "ఇది జెట్టీ" అన్నాను. "దీని మీద నిలబడితే గాలి వస్తుంది" అన్నాను. గుంపును ఫిరంగి దగ్గరకు పంపి ఒబ్దూలియా బండి దగ్గరకు వెళ్ళాను.

"ఏం, ఇయాళ ఊగలేదే?" అంది.

"అక్క రాసింది. అంతా రాసింది."

కొయ్యడం ఆపలేదు ఆమె. "ఐతే?"

"మీ నాన్న చెప్పింది నిజం."

"నాకు చెప్తున్నావా? నాకు తెలీదా? చచ్చిపోయేదాకా అదే మాట చెప్పాడు మా నాయన. చెప్పిన ప్రతిసారీ ఎవడో ఒకడు నవ్వాడు. నన్ను చేసుకుంటానని వచ్చినోడూ నవ్వాడు. పొమ్మన్నాను. చివరాఖర్న మా నాయనే తన మాట నమ్మడం మానేశాడు. 'ఏమో, తాగే ఉన్నానేమో' అనేవాడు. కడుపులో పుండున్నోడు!"

వచ్చే ఆదివారం అందరి ముందూ నేనే చెప్పేస్తానన్నాను. వీరుడిలా అన్నాను కూడా.

"నువ్వెవడివి చెప్పడానికి? అప్పటికి నువ్వు నిక్కర్లేసుకునే పిల్లోడివి. నువ్వు చెప్తే అదో కథ. ఇన్నాళ్ళూ అలాటి కథలే చెప్పావుగా. దుప్పట్లు ఆరేసినావిడొచ్చి చెప్పాలి."

ఫలకం సంగతి. ఇర్మా గారికి అంతా చెప్పాను. ఆవిడ తల పట్టుకుని "చెక్కడం అయిపోయింది కదయ్యా" అన్నారు. 'గల్ఫ్‌లోకెల్లా చురుకైన కళ్ళు' అని చెక్కారు. గోడకు పెట్టొద్దని బతిమాలాను. ఇప్పుడది నా మంచం కింద ఉంది. నాన్న మీద నాకు కోపం పోలేదు. ఫలకాన్ని మాత్రం తడిగుడ్డతో తుడిచి పెట్టాను.

వస్తావా?

ఫిదెన్సియో.

*

వెరాక్రూజ్,
జూన్ 29.

తమ్ముడూ,

రాలేను. మోకాలి నొప్పి. దుకాణం ఎవరు చూస్తారు? ఎండలు. రాత్రంతా బస్సులో కూర్చోవాలి. పైగా ఆ జెట్టీ మీద నా గొంతు ఎవరికి వినపడుతుంది?

ఇవన్నీ రాసుకుని చదువుకుంటే, నా దుకాణంలో ఆపరేషనుకు భయపడే ముసలివాళ్ళు చెప్పే సాకుల్లాగే ఉన్నాయి. వాళ్ళను నేనెంత కసురుకుంటానో తెలుసా?

నాన్న గురించి రాశావు. ఆయన పేరు పాడుచెయ్యడానికి నాకు చేతులు రావడం లేదు. సెరాపియో పేరు పాడుచెయ్యడానికి మాత్రం ఎంత తేలిగ్గా వచ్చాయో.

జులై ఆఖరి ఆదివారం వస్తాను. బస్టాండుకు రావద్దు. టోపీ పెట్టుకుని అసలే రావద్దు.

దెల్ఫీనా.

*

పుయెర్తో శాంతా రీటా,
ఆగస్టు 5.

అక్కా,

ముందు నన్ను తిట్టెయ్యి, తర్వాత చదువు.

ఆ రోజు నువ్వు గుంపులోంచి ముందుకొచ్చి ఒబ్దూలియా ఎదురుగా నిలబడగానే నేను గుంపు వెనక్కి జరిగాను. అప్పుడే గుంపులోని ఇద్దరు ముసలమ్మలు బాత్‌రూమ్ ఎక్కడని అడిగారు. దేవుడు పంపినట్టే అడిగారు. చర్చి వెనకాల ఉంది, వేలితో చూపిస్తే చాలు. నేను మాత్రం వాళ్ళను చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్ళాను. బయట నిలబడి ఇద్దరి సంచులూ మోశాను. వాళ్ళు వచ్చాక చర్చి మెట్ల చరిత్ర కూడా చెప్పాను, వాళ్ళు వద్దంటున్నా. అదీ నీ తమ్ముడి ధైర్యం.

తిరిగొచ్చేసరికి నా గుంపు లేదు. జెట్టీ చివర ఒబ్దూలియా చుట్టూ చేరి ఉన్నారు, ఆమె సముద్రం వైపు చెయ్యి చాపి ఏదో చెబుతోంది. నువ్వు ఆమె బండి దగ్గర కత్తి పట్టుకుని మామిడికాయ కోస్తున్నావు. ఎటు వెళ్ళాలో తెలియక నేను మధ్యలో నిలబడ్డాను.

బస్సు ఎక్కేదాకా నీ వెంట వచ్చాను. "కారం ఎక్కువేసేశాను" అన్నావు. అంతే. నలభై ఏళ్ళ సంగతికి నాకు దొరికింది అదొక్కటి. ఒబ్దూలియాను అడిగితే, "బాత్‌రూమ్ బాగుందా?" అంటోంది.

ఏం జరిగిందో రాయవా?

ఫిదెన్సియో.

*

వెరాక్రూజ్,
ఆగస్టు 19.

ఫిదెన్సియో,

నిన్ను తిట్టే అర్హత నాకెక్కడిది? నువ్వు ఇద్దరు ముసలమ్మల వెనక దాక్కున్నావు, నేను ఒక ఊరి వెనక దాక్కున్నాను.

బస్సులో రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. చాలా బాగా వచ్చాయి. జెట్టీ మీద నిలబడేసరికి ఒక్కటీ లేదు. ఒబ్దూలియాను చూసి, "నేను దెల్ఫీనాని. మీ నాన్న చెప్పింది నిజం" అన్నాను.

ఆమె రేడియో కట్టేసింది. "వినపడలేదు. గట్టిగా చెప్పు" అంది.

గట్టిగా చెప్పాను.

"నాక్కాదు. అదిగో వాళ్ళకి. ఆ గళ్ళచొక్కా ఆయనకి చెవుడు."

అటు తిరిగి మొత్తం చెప్పాను. నాన్న కళ్ళు, దుప్పట్లు, మిషను. చెవుడు ఉన్నాయనకు అర్థం కాలేదు, ఆయన భార్య మళ్ళీ మొదట్నుంచి చెప్పమంది. రెండోసారి వెనక నిలబడినవాళ్ళకూ వినపడేలా చెప్పాను. ఒకమ్మాయి, "ఉంగరాలు బాగా వచ్చాయా ఆంటీ?" అని అడిగింది. "ఒక పక్కే తిరిగాయి" అన్నాను. అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్వారు. నిలబడి విన్నాను. విచారణ గదిలో సెరాపియో నిలబడిన తీరు అప్పుడు కళ్ళకు కట్టింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఒబ్దూలియా మాత్రం నవ్వలేదు. "ఇందా, పట్టుకో" అని కత్తి నా చేతికిచ్చింది. "ఇంక మా నాయన సంగతి నేను చెప్తా" అంటూ వాళ్ళను జెట్టీ చివరికి తీసుకెళ్ళింది. గాలికి కొన్ని ముక్కలే వినపడ్డాయి. ఏ పీపాకు ఏ పేరు పెట్టుకున్నాడో, రంగు వేసేటప్పుడు ఏం పాడేవాడో. పీపాలకు పేర్లుండేవని మనకు తెలుసా? మనింట్లో ఎవరికైనా తెలుసా? ఆమె చెబుతున్నంతసేపూ నేను అమ్ముతూనే ఉన్నాను. నేను కోసిన ముక్కలు ఇటుకల్లా ఉన్నాయి. నేను వేసిన కారానికి ఒక పిల్ల ఏడ్చింది.

తిరిగొచ్చాక ఒబ్దూలియా చేసిన మొదటి పని ఆ ముక్కలు చూడటం. ఒకటి తీసి ఎండకు ఎత్తి పట్టుకుంది.

"ఇంత మందంగా ఎవరైనా కోస్తారా?" అంది. "మళ్ళీ వచ్చినప్పుడు సన్నగా కొయ్యి."

'మళ్ళీ వచ్చినప్పుడు' అన్న మాట ఆమె నోట ఊరికే వచ్చిందో, కావాలనే అందో నాకు తెలియదు. అడిగితే వెనక్కి తీసుకుంటుందేమోనని అడగలేదు. బస్సు దాకా నీతో మాట్లాడకపోవడానికి కారణం కూడా అదే. ఆ మాటను చేతుల్లో నీళ్ళలా పట్టుకుని నడిచాను.

నిన్న బజారులో అరడజను మామిడికాయలు తెచ్చుకున్నాను. దుకాణం మూశాక వంటింట్లో కూర్చుని కోస్తున్నాను. బొటనవేలు తెగింది, ఈ ఉత్తరం మీది మరక అదే, కంగారుపడకు. ఐదోకాయకు కాస్త పలచగా వచ్చాయి.

దెల్ఫీనా.